వాగ్దానపు చీటీ మీద లేని మాట

నా చిన్నప్పుడు కొత్త సంవత్సరం మా ఊరికి ఇత్తడి పళ్ళెంలో వచ్చేది. జనవరి మొదటి రోజు పొద్దున్న ఆరాధన అయిపోయాక, ఊరి చర్చికి అయ్యగారైన మా తాతయ్య ఆ పళ్ళెం రెండు చేతులా పట్టుకుని జనం కూర్చున్న చాపల మధ్యకి దిగేవాడు. పళ్ళెం నిండా చుట్టలు చుట్టిన చీటీలు. ఒక్కో చీటీ మీద బైబిల్లోంచి ఒక్కో మాట. పెద్దా చిన్నా వరసగా వచ్చి, కళ్ళు మూసుకుని ఒక చీటీ తీసి తాతయ్య చేతికిస్తే, ఆయన విప్పి గట్టిగా చదివేవాడు. అదే ఆ మనిషికి ఆ ఏడాది దేవుడిచ్చిన వాగ్దానం. అందరం ఆమెన్ అనేవాళ్ళం. ఇంటికి తీసుకెళ్ళి కొందరు గుమ్మం మీద అంటించుకునేవారు, కొందరు బియ్యం డబ్బాలో దాచుకునేవారు.

మాది ఉద్దానం. ఒక పక్క జీడితోటలు, ఒక పక్క కొబ్బరితోటలు, వాటి వెనక ఎక్కడో భావనపాడు వైపు సముద్రం. సముద్రం మాకు కనపడేది కాదు, వినపడేది. చర్చిలో ప్రార్థన మధ్య అందరూ ఒక్క క్షణం ఊరుకుంటే పెంకుల మీంచి ఆ హోరు లోపలికి వచ్చి కూర్చునేది. చిన్నప్పుడు అది దేవుడి ఊపిరి అనుకునేదాన్ని. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే మంచులోంచి చూస్తున్నట్టే ఉంటుంది. మొహాలు సరిగ్గా కనపడవు, గొంతులు మాత్రం పక్కనే ఉన్నట్టుంటాయి.

డిసెంబరు వచ్చిందంటే తాతయ్య పాత శుభలేఖలు పోగుచేసేవాడు. వాటి వెనకవైపు తెల్లగా ఉండే అట్టని నేను కత్తెరతో ముక్కలు చేసిపెట్టేదాన్ని. ఆయన పెరట్లో జీడిచెట్టు కింద మడతకుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద బైబిలు పెట్టుకుని, పేజీలు తిప్పుతూ మంచి మాట కనపడిన చోటల్లా ఆగి అట్టముక్క మీద రాసేవాడు. మంచి మాట అంటే తీపి మాటన్న మాట. తిట్లూ ఏడుపులూ వంశావళులూ ఉన్న చోట ఆయన వేలు నిలిచేది కాదు. పండగపూట జనానికి చేదెందుకు అనేవాడు. నాకూ అదే సబబనిపించేది. విస్తట్లో కాకరకాయ వడ్డించేవాళ్ళని ఆ వయసులో నేను మనుషుల్లో లెక్కేసేదాన్ని కాదు.

ఆ చీటీలతో జరిగే తమాషాలు ఇన్నీ అన్నీ కావు. ఒక ఏడు మా నాన్నకి, నీ ఊరు విడిచి నేను చూపించే దేశానికి పొమ్మనే చీటీ వచ్చింది. మా అమ్మకి వారం పాటు అన్నం సయించలేదు. ఆ ఏడాది మా నాన్న వెళ్ళిన అతి దూర దేశం పలాస. నోట్లో ఒక్క పన్నూ మిగలని ముసలాయనకి, నీ నోటిని నవ్వుతో నింపుతానని వచ్చింది. చర్చి చర్చంతా నవ్వింది, ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వాడు, ఆ రకంగా ఆ వాగ్దానం అక్కడే నెరవేరిపోయింది. ఎవరికి ఏది వచ్చినా నష్టమేముంది, నాలుగు మంచి మాటలే కదా అనుకునేవాళ్ళం. పక్కింటి అక్కకి ఆ చీటీ వచ్చేదాకా.

పక్కింటి అక్క అంటే పక్కింటి కోడలు. మా పెరడుకీ వాళ్ళ పెరడుకీ మధ్య కొబ్బరాకుల దడి. దడిలో ఒక కంత ఉండేది. నేను ఆ కంతలోంచి దూరి వాళ్ళింటికి వెళ్ళి అక్క చేత జడ వేయించుకునేదాన్ని. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ ఆమె వేళ్ళ కొసలు నల్లబడిపోయి ఉండేవి, కానీ జుట్టులో ఆ వేళ్ళు కదులుతుంటే నిద్ర ముంచుకొచ్చేది. పెళ్ళయి వచ్చి చాలా ఏళ్ళయినా ఆమెకి కడుపు పండలేదు. ఆమె అత్తకి ఒక్కడే కొడుకు. భర్త పోయాక ఆ ఒక్కడినీ రెక్కలు ముక్కలు చేసుకుని పెంచింది. మనవణ్ణి ఎత్తుకోవాలన్న ఆశ ఆవిడకి ఆకలిలాంటిది. అది తీరకపోయేసరికి నోరు చేసుకునేది. కోడల్ని కన్నోరింటికి పంపీస్తానని ఆవిడ అరుస్తుంటే దడి ఇవతల మాకు ప్రతి అక్షరం వినపడేది. బావ మంచివాడే, కానీ తల్లి మాటకి ఎదురు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు.

ఆ జనవరిన అక్క చీటీ తీసి ఇచ్చింది. తాతయ్య విప్పాడు. చదవబోయి, ఒకసారి అక్క మొహంలోకి చూసి చదివాడు. వచ్చే ఏడు ఈ పాటికి నీ కౌగిట కొడుకు ఉంటాడన్నది దాని సారం.

చర్చి మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చింది. తర్వాత స్తోత్రం, స్తోత్రం అని ఒకటే కేకలు. అక్క అత్త రెండు చేతులూ పైకెత్తి ఏడ్చేసింది. తాతయ్య కూడా మనిషే కదా. అక్కని కన్నకూతురిలా చూసుకునేవాడు, ఆమె మీద పడే మాటలన్నీ దడి ఇవతల నుంచి వింటూ ఏమీ చేయలేక కుమిలిపోయేవాడు. ఆ రోజు పళ్ళెం కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని, అక్కడికక్కడే ప్రసంగం ఎత్తుకున్నాడు. దేవుడు ఈ బిడ్డతో నేరుగా మాట్లాడాడన్నాడు. ఇది మనిషి రాసిన రాత కాదన్నాడు. వచ్చే జనవరికి ఈ చర్చిలో జోలపాట పాడతామన్నాడు. ఆ రాత ఆయనదేననీ, అట్ట ఒక పెళ్ళివారి శుభలేఖ వెనకదనీ నాక్కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు. అక్క మాత్రం చాప మీద తల వంచుకుని కూర్చుని ఉండిపోయింది. సంతోషం ఎక్కువై అలా ఉందనుకున్నాం.

ఆ ఏడాదంతా మా ఊళ్ళో పుట్టని పిల్లాడొకడు తిరిగాడు. అత్త నోట తిట్టు ఆగిపోయింది. కోడలికి పొద్దున్నే పాలూ గుడ్డూ వచ్చాయి. పిక్కలు కొట్టనిచ్చేది కాదు, ఆ ఘాటు కడుపులో గుంటడికి పడదని. కడుపులో ఎవరూ ఇంకా పడలేదని చెప్పే ధైర్యం ఎవరికుంది? పాత చీర మెత్తటి కొంగు చించి ఆవిడ ఒక చిన్న చొక్కా కుట్టింది. జీడిపూత పూసి తోటలన్నీ తియ్యగా, కొంచెం మత్తుగా వాసనేసే రోజులవి. నేను ఆ చెట్ల కింద ఆకుల మీద పడుకుని ఆ పిల్లాణ్ణి చూసేసేదాన్ని. వాడికి నేను ఒక పేరు కూడా పెట్టుకున్నాను. ఆ చొక్కా వేసుకుని, నీడా ఎండా కలిసిన చోట బుడిబుడి అడుగులు వేసుకుంటూ నా వైపు వచ్చేవాడు. దగ్గరికి రాగానే నా కళ్ళు తెరుచుకునేవి.

తాతయ్య ప్రసంగం ఎక్కడ మొదలెట్టినా అక్క ఒడి దగ్గరికి వచ్చి ఆగేది. విశ్వాసం గురించి చెప్పాలన్నా ఆమే, కనిపెట్టుకుని ఉండడం గురించి చెప్పాలన్నా ఆమే. ఆయన అలా చెప్పినప్పుడల్లా జనం వెనక్కి తిరిగి ఆమెని ప్రేమగా చూసేవారు. జీడిపళ్ళు పండి రాలిపోయాయి, ఎండలు ముదిరాయి, తొలకరి పడింది. ఆ చూపులు మెల్లగా మొహం మీంచి కడుపు మీదికి దిగాయి. వానలు వెనకబట్టేసరికి చూడడం కూడా మానేసి గుసగుసలాడుకోవడం మొదలెట్టారు.

అత్త పాలు ఆపేసింది. దడి అవతల మళ్ళీ గొంతు లేచింది, ఈసారి ఇంకా పదునుగా. “దేవుడు మాటిచ్చినాడు. అయ్యగారు సదివేరు. ఊరంతా ఇన్నాది. మరి తప్పు ఎవులిది? నీకే నమ్మకం నేదు, అందుకే నీ కడుపు పండనేదు” అనేది. చీటీ రాకముందు అక్కకి పిల్లల్లేరు, అంతే. చీటీ వచ్చాక ఆమె నమ్మకం లేని మనిషి కూడా అయిపోయింది. క్రిస్మస్ వెళ్ళగానే కన్నోరింట్లో దిగబెట్టి రమ్మని కొడుకుతో చెప్పేసింది ఆవిడ. బావ ఎప్పట్లాగే తల దించుకున్నాడు. అక్క కన్నోరింట్లో అన్నావదినలు తప్ప ఎవరూ లేరు. అక్కడికి వెళ్తే బతుకంతా ఒకరి పంచన పడి ఉండడమేనని నా వయసు పిల్లకి కూడా తెలుసు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఒక మధ్యాహ్నం తాతయ్య జీడిచెట్టు కింద కుర్చీ వేసుకుని కొత్త ఏడాది చీటీలు మొదలెట్టాడు. నేను పక్కన కూర్చుని అట్టలు కత్తిరిస్తున్నాను. ఎండ పలచగా, పాలు కలిపినట్టు ఉంది. దడి కంతలోంచి అక్క వచ్చింది. జాకెట్టులోంచి పోయిన జనవరి చీటీ తీసి ఆయన మోకాళ్ళ మీదున్న బైబిలు మీద పెట్టింది. నిలబడే అడిగింది. “అయ్యగారూ, నానేటి దేవుణ్ణి అబద్ధాలోడిని సేస్తన్నానా?”

ఎవరికి ఎంత కష్టం వచ్చినా తాతయ్య దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉండేది. వైద్యుడి దగ్గర మాత్ర ఉన్నట్టు. ఆ రోజు ఆయన నోరు తెరిచి, ఏమీ అనలేక మళ్ళీ మూశాడు. ఆయన అలా మాట తడుముకోవడం నేను అదే మొదటిసారి చూడడం, నాకు భయమేసింది. ఆమెని కూర్చోమన్నాడు. ఆ చీటీ మీది మాట ఏ పేజీలోంచి రాశాడో వెతికి తీశాడు. ఆ మాట నుంచి కాకుండా, వెనక్కి వెళ్ళి, ఆ కథ ఎక్కడ మొదలవుతుందో అక్కడి నుంచి చదవడం మొదలెట్టాడు. ఎవరికోసమో కాక తనకోసమే చదువుకుంటున్నట్టు మెల్లగా చదివాడు.

పాత రోజుల్లో ఒక ఊళ్ళో కలిగిన ఇల్లాలు ఒకావిడ. ఆవిడ పేరు గ్రంథంలో కూడా లేదు. దారిన పోయే ప్రవక్తకి అన్నం పెట్టేది. ఆయన వచ్చినప్పుడు ఉండడానికి మేడ మీద చిన్న గది కట్టించి మంచం, బల్ల, దీపం అమర్చింది. నీకేం చేయమంటావమ్మా అని ఆయన అడిగితే ఏమీ వద్దంది, నా వాళ్ళ మధ్య నేను బాగానే ఉన్నానంది. ఆవిడకి పిల్లల్లేరని ప్రవక్త పనివాడు చెప్పాడు. ప్రవక్త పిలిస్తే ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. వచ్చే ఏడు ఈ పాటికి నీ కౌగిట కొడుకుంటాడని ఆయన అన్నాడు. చీటీ అక్కడితో అయిపోయింది. తాతయ్య మాత్రం ఆగకుండా ఆవిడ తిరిగి ఏమందో అది కూడా చదివాడు. వద్దు బాబూ, నాతో అబద్ధం చెప్పకు అందట ఆవిడ.

అక్క తలెత్తింది. “ఆవిడ అలగన్నాదా?”

“అన్నాదమ్మా.”

“అందులో రాసున్నాదా?”

“రాసున్నాది.”

“మరి నా సీటీ మీద నేదేటి?”

ప్రసంగంలో పుస్తకాల భాష మాట్లాడే మనిషి ఇంట్లో మా భాషే మాట్లాడేవాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు. “నానే కోసీసేను తల్లీ.”

అక్క చాలాసేపు ఆ పేజీ వైపే చూస్తూ ఉంది. ఆమెకి చదువు రాదు. అయినా ఆ అక్షరాల్లో తన మనిషెవరో ఉన్నట్టు చూసింది. ఆ జనవరిన ఆయన చీటీ చదవగానే తన నోటి దాకా వచ్చింది కూడా అదే మాటనీ, దేవుడి మాటకి అలా అనకూడదని మింగేసిందనీ అప్పుడు చెప్పింది. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని మిగతాదీ చదివాడు. కొడుకు పుట్టాడు, పెరిగాడు, ఒకరోజు పొలంలో తలనొప్పని వచ్చి మిట్టమధ్యాహ్నం తల్లి ఒళ్ళోనే పోయాడు. ఆవిడ గాడిదెక్కి ప్రవక్త దగ్గరికి పరుగున వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుంది. నేనడిగానా కొడుకుని, నన్ను మోసం చెయ్యొద్దని చెప్పలేదా అని నిలదీసింది. పనివాడు ఆవిణ్ణి నెట్టేయబోతే ప్రవక్త ఆపాడు. ఉండనివ్వు, ఆమె మనసు చేదుగా ఉంది, దేవుడు ఈ సంగతి నాకు చెప్పలేదు, దాచాడు అన్నాడు.

“ఆ పెద్దాయనకీ తెలవదా?” అంది అక్క.

“తెలవదట” అన్నాడు తాతయ్య.

అప్పుడు ఆమె ఏడ్చింది. ఏడాది పొడవునా జనం చూపుల మధ్య దాచుకున్న ఏడుపంతా ఆ చెట్టు కింద ఏడ్చింది. తాతయ్య ఓదార్చలేదు. ఆ కథలో పిల్లాడు చివరికి బతుకుతాడు, అది కూడా చదివాడు గానీ దాన్ని పట్టుకుని నీకూ అలా జరుగుతుందమ్మా అనలేదు. బైబిలు మూసి, నేను కత్తిరించిన అట్టముక్కలు, ఆయన అప్పటికే రాసినవి, అన్నీ కలిపి సంచిలో పడేశాడు. ఆ రోజు ఇంక ఒక్క చీటీ కూడా రాయలేదు.

ఆ ఆదివారం ఆయన ప్రసంగ బల్ల వెనక నిలబడలేదు. జనం మధ్య, చాప అంచున నిలబడి ఆ కథ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చదివాక, ఈ ఏడాది ఈ బిడ్డకి అన్యాయం చేసింది దేవుడు కాదు, నేను అన్నాడు. ఆ మాట ఒక గుమ్మంలో నిలబడిన ఒక ఇల్లాలికి, ఆమె అన్నం తిన్న ఒక మనిషి చెప్పిన మాట. ఎవరు, ఎవరితో, ఏ గుమ్మంలో అన్నారో చూడకుండా తీపి ముక్కొకటి కోసుకొచ్చి నా ఇష్టమొచ్చిన ఒళ్ళో పెట్టే హక్కు నాకెవరిచ్చారు అన్నాడు. ఆవిడ జవాబు కూడా దేవుడు రాయించిందే, నేను చేదని వదిలేశాను అన్నాడు. ఈ కథ మనకి చెప్పేది అందరికీ కొడుకులు పుడతారని కాదు, చేదు మనసుతో కాళ్ళు పట్టుకున్న మనిషిని నెట్టేయొద్దని, తెలియనిది తెలిసినట్టు చెప్పొద్దని. ఇలా అని, అక్క కూర్చున్న వైపు తిరిగి చేతులు జోడించి క్షమించమన్నాడు.

పెంకుల మీంచి సముద్రం హోరు లోపలికి వచ్చి కూర్చుంది. సంఘ పెద్ద ఒకాయన ఇబ్బందిగా లేచి, మరి ఇన్నేళ్ళూ మా ఇళ్ళల్లో అంటించుకున్న చీటీల మాటేంటని అడిగాడు. వాటిని పీకనక్కర్లేదు, వాటి వెనకున్న కథ చదువుకోండి అన్నాడు తాతయ్య. ఆయన మాట పూర్తి కాకముందే అక్క అత్త విసురుగా లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయింది. ఇంక అక్క పని అయిపోయిందనుకున్నాను. నమ్మకం తక్కువైందని పంపేసేదల్లా ఇప్పుడు నమ్ముకోవడానికి ఏమీ లేదని పంపేస్తుంది.

మేము ఇంటికి చేరేసరికి ఆవిడ మా వాకిట్లో ఉంది. ఒళ్ళో ఆ చిన్న చొక్కా. తాతయ్యని చూడగానే లేచి మీదికొచ్చింది. “ఇచ్చింది నువ్వే, నాగీసుకున్నది నువ్వే! నానేమైనా ఆ సీటీ అడిగేనా? నన్ను ఆశ పెట్టమని నానడిగేనా నిన్ను?” అని వీధి వీధంతా వినేట్టు అరిచింది. మా మామ్మకి కోపం వచ్చింది. అయ్యగారినే పట్టుకుని అంతమాట అంటుందా అని ఆవిడ భుజం పట్టుకుని పక్కకి నెట్టబోయింది. తాతయ్య చెయ్యి అడ్డం పెట్టి, “ఒగ్గీ. ఆయమ్మ మనసు సేదుగున్నాది” అన్నాడు.

ఆ మాట ఎక్కడ విన్నానో నాకు వెంటనే తెలిసింది. పొద్దున్న చదివిన కథ మా వాకిట్లోకి నడిచొచ్చి నిలబడింది. అది ప్రసంగం కాదు, ఎవరూ ఆమెన్ అనలేదు. మా మామ్మ చెయ్యి దించేసింది. అక్క అత్త ఇంకా చాలా అరిచింది. తాతయ్య నిలబడి అన్నీ విన్నాడు. అరిచి అరిచి ఆవిడ గుమ్మం మెట్టు మీద కూలబడి ఆ చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అప్పుడు మొదటిసారి అనిపించింది నాకు, ఆ పిల్లాణ్ణి నేనొక్కదాన్నే చూడలేదని. ఆవిడ కూడా ఆ ఏడాదంతా వాణ్ణి ఎత్తుకు తిరిగిందన్న మాట.

ఎప్పుడొచ్చిందో అక్క దడి కంత దగ్గర నిలబడి ఉంది. అత్త ఏడవడం చూస్తూ కాసేపు అక్కడే ఉంది. తర్వాత వచ్చి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుని, ఆ చొక్కా అంచు తన నల్లటి వేళ్ళతో పట్టుకుంది. ఇద్దరూ ఒకే పిల్లాడి కోసం ఏడ్చారు. ఎండ నెత్తి మీదికి వచ్చాక అక్క లేచి, “అన్నం సల్లారిపోతన్నాది అత్తా, రా” అంది. ఆవిడ కోడలి మొహంలోకి చూసింది, చెయ్యి అందించమని చెయ్యి చాపింది. ఆ క్రిస్మస్ వెళ్ళింది, కొత్త ఏడాది వచ్చింది, కన్నోరింటి మాట దడి అవతల నుంచి మళ్ళీ ఎన్నడూ వినపడలేదు. నోరు చేసుకోవడం మాత్రం ఆవిడ మానలేదు, మానితే ఆవిడ కాదు.

చీటీలు మానేద్దామని తాతయ్య అనుకున్నాడు గానీ జనం ఒప్పుకోలేదు. పళ్ళెం లేకపోతే కొత్త ఏడాది వచ్చినట్టే ఉండదన్నారు. అందుకని ఆయన చీటీల మీద మాట రాయడం మానేసి, ఏ పుస్తకం, ఎన్నో అధ్యాయం అన్నదే రాశాడు. ఎవరికి వచ్చింది వాళ్ళు ఇంటికెళ్ళి మొత్తం చదువుకోవాలి. చదువు రానివాళ్ళు మా అరుగు మీదికి వచ్చి చదివించుకోవాలి. ఆ జనవరి అంతా మా అరుగు ఖాళీ లేదు. పళ్ళు లేని ముసలాయనకి ఒట్టి పేర్లే ఉండే వంశావళి వచ్చింది. నాకేటి ఈ జనాభా లెక్కలని ఆయన గోల పెట్టాడు. తాతయ్య నవ్వుతూనే ఆ పేర్లన్నీ చదివి, ఇందులో ఎవరి బతుకు ఎలా ఏడ్చిందో ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. రెండో రోజు ఆ ముసలాయన తన చుట్టాన్ని కూడా వెంటపెట్టుకొచ్చాడు. మా తాతయ్య ప్రసంగాలు అప్పటి నుంచి పొడుగయ్యాయని కొందరికి కోపం. కథ మధ్యలో ఆగడం ఆయన వల్ల కాలేదు మరి. ఎవరైనా ఏడుస్తున్న చోటికి వస్తే వేలు ముందుకి జరిపేవాడు కాదు, అక్కడే నిలబడేవాడు.

అక్కకి పిల్లలు పుట్టలేదు. ఆ ఇంట్లోనే ఉంది. అత్త మంచాన పడితే చివరి దాకా చేసింది ఆమే. ఆవిడ పోయాక చాలా ఏళ్ళకి అక్కా పోయింది. బతికున్నప్పుడు ఆమె ఎప్పుడైనా అలసిపోయి ఉంటే నన్ను పిలిచి ఆ అధ్యాయం చదవమనేది. గుమ్మంలో ఆవిడ జవాబు వచ్చే చోట ప్రతిసారీ చిన్నగా నవ్వేది, చుట్టం ఇంటికి వచ్చినట్టు.

ఇప్పుడు నాకు కీళ్ళు సహకరించవు, ఆదివారం చర్చికి ఆటోలో వెళ్తాను. వాక్యాలు పళ్ళెంలో రావడం పోయింది, ఫోన్లో వస్తున్నాయి, తెల్లారేసరికి గులాబీల బొమ్మల మీద ఒకటీ, సూర్యోదయం మీద ఒకటీ. మైకు పట్టుకున్న కుర్రాళ్ళు అందరికీ అన్నీ ఇప్పించేస్తున్నారు, ఉద్యోగాలూ వీసాలూ కొడుకులూ. వాళ్ళ మీద నాకు కోపం లేదు, ఆ ఆశ ఎలాంటిదో నాకు తెలుసు. ఎవరు ఏ మాట చెప్పినా నేను మాత్రం ఆగి, ఇది విన్న మనిషి తిరిగి ఏమంది అని వెతుక్కుంటాను. ఆ అలవాటు తాతయ్య నాకిచ్చి పోయాడు.

పోయిన వానాకాలం మా వీధిలో ఒక చిన్నదాని పసిబిడ్డ పోయాడు. అందరం వెళ్ళాం. తలా ఒక వాక్యం చెప్పారు. దేవుడు తీసుకున్నాడన్నారు, ఇంకో బిడ్డని ఇస్తాడన్నారు. ఆ పిల్ల ఎవరి వైపూ చూడలేదు. నేను పక్కన కూర్చోగానే నా చీర చెంగు గుప్పిట్లో పట్టుకుని, ఎందుకు మామ్మా అని అడిగింది. అరవై ఏళ్ళుగా వింటున్న వాక్యాలు నా నాలిక చివర వరసకట్టి నిలబడ్డాయి. అన్నిటినీ లోపలికి పంపేశాను.

“నాకు తెలవదమ్మా. దేవుడు నాకు సెప్పనేదు” అన్నాను.

ఆ పిల్ల అప్పుడు తల నా ఒళ్ళో పెట్టి ఏడవడం మొదలెట్టింది. వాళ్ళమ్మ కంగారుగా, మామ్మ కాళ్ళు నొప్పెడతాయి లేవమని ఆమెని లేపబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.